గుడ్డి గుర్రం దాణా

1920ల నడిమి కాలంలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగిన రెండు కార్లను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. ఒకటి ఫోర్డ్ మోడల్ టి. రైతుల కోసం, చిన్న ఊళ్ళ డాక్టర్ల కోసం పుట్టిన బండి. దాని ఇంజన్ ఇచ్చేది 20 హార్స్‌పవర్ మాత్రమే. రెండోది బెంట్లీ 3 లీటర్. 1924లోనూ, మళ్ళీ 1927లోనూ ఫ్రాన్సులో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన రకం. దాని ఇంజన్ శక్తి 70 హార్స్‌పవర్ పైమాటే. ఇప్పుడు ఈ రెండు కార్ల యజమానులు ప్రభుత్వానికి ఏటా కట్టిన రోడ్డు పన్ను చూడండి. నత్తనడక ఫోర్డుకు 23 పౌండ్లు, పందెం గెలిచిన బెంట్లీకి 16 పౌండ్లు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మన పెద్దలు. ఇక్కడ గుడ్డి గుర్రానికే దాణా ఎక్కువైంది. దీన్ని ఏ గుమాస్తా పొరపాటో అనుకోవడానికి లేదు. పాతికేళ్ళకు పైగా చట్టబద్ధంగా, లెక్క ప్రకారం నడిచిన ఏర్పాటు ఇది. వేగమైన కార్ల చరిత్రను ఇంజనీర్ల ప్రతిభగానో, పందెగాళ్ళ సాహసంగానో చెప్పుకోవడం మనకు అలవాటు. కానీ ఏ కారు బతికింది, ఏ కారు చచ్చింది, బతికిన కారు ఇంజన్ లోపలి కొలతలు ఎలా కుదిరాయి అని అడుగుతూ పోతే, చాలా చోట్ల జవాబు ఏటేటా ఇంటికొచ్చే బిల్లు దగ్గర తేలుతుంది. ఆ బిల్లు వేసేవాడు వేగాన్ని నేరుగా ఎన్నడూ కొలవలేదు. వేగానికి బదులు తన చేతికందిన ఇంకేదో కొలిచాడు. ఆ కొలతకూ అసలు వేగానికీ మధ్య మిగిలిన సందులోంచే కార్ల తయారీ నడిచింది.

బ్రిటన్‌లో ఆ కొలత 1906 నాటిది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఒక సూత్రం ఇచ్చింది: సిలిండర్ అడ్డకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చవేసి, 2.5తో భాగిస్తే వచ్చేదే ఇంజన్ హార్స్‌పవర్. పిస్టన్ నిమిషానికి 1,000 అడుగుల వేగంతో కదులుతుందన్న ఊహ ఈ సూత్రం వెనక ఉంది. ఆ రోజుల ఇంజన్లకు ఆ ఊహ పెద్దగా తప్పేమీ కాదు. తప్పు ఎక్కడ వచ్చిందంటే, ఇంజన్లు ఎదిగాయి, సూత్రం ఎదగలేదు. పిస్టన్ కిందికీ పైకీ ప్రయాణించే దూరం, అంటే మెకానిక్‌లు స్ట్రోక్ అనేది, ఈ లెక్కలో ఎక్కడా లేదు. సిలిండరు సన్నగా ఉంచి పొడవు పెంచితే ఇంజన్ పెద్దదవుతుంది, శక్తి పెరుగుతుంది, కాగితం మీద మాత్రం చిన్నదిగానే ఉంటుంది. 1921 జనవరి 1 నుంచి ప్రభుత్వం ఈ సూత్రాన్నే పట్టుకుని హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున ఏటా పన్ను వేసింది. కట్టినట్టు గుర్తుగా గుండ్రటి కాగితాన్ని కారు అద్దానికి అతికించే పద్ధతి కూడా ఆ రోజే మొదలైంది. అదే సమయంలో పెట్రోలు మీద అప్పటిదాకా ఉన్న సుంకాన్ని ఎత్తేశారు. 1928 దాకా అది తిరిగి రాలేదు. అంటే ఆ ఏడేళ్ళూ కారు ఎంత తిరిగింది, ఎంత తాగింది అన్నదానితో ప్రభుత్వానికి పని లేదు. కారు రోడ్డెక్కాలంటే, ఎంత తక్కువ తిరిగినా సిలిండర్ అడ్డకొలతకు బిల్లు తప్పదు. కారు మేపే ఖర్చులో ఎక్కువ తక్కువలకు వీల్లేని ఒక భాగం ఇలా స్థిరపడింది. కొనబోయేవాడు షోరూములో ధర అడగడానికి ముందే ఆ అంకె అడగడం మొదలుపెట్టాడు. కార్లను పేరుతో కాకుండా సెవెన్, టెన్, ట్వెల్వ్ అని పన్ను అంకెతో పిలవడం అక్కడ వాడుకగా స్థిరపడిందంటే ఆ బిల్లు మనుషుల నోటికి ఎంత దగ్గరైందో తెలుస్తుంది.

దెబ్బ ముందు పెద్ద సిలిండర్లున్న మామూలు కార్లకు తగిలింది. హెర్బర్ట్ ఆస్టిన్ యుద్ధం ముగియగానే తన కంపెనీ మొత్తాన్నీ ఆస్టిన్ ట్వెంటీ అనే ఒకే ఒక్క పెద్ద కారు మీద పెట్టాడు. దాని సిలిండర్ అడ్డకొలత 95 మిల్లీమీటర్లు. సూత్రం ప్రకారం 22.4 హార్స్‌పవర్, అంటే ఏటా 23 పౌండ్లు. మామూలు కార్మికుడి వారం కూలి మూడు పౌండ్ల చుట్టుపక్కల ఉన్న రోజులవి. యుద్ధానంతర మాంద్యం కూడా తోడై 1921లో ఆ కంపెనీ అప్పులవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. ఆ మరుసటి ఏడాదే ఆస్టిన్ సెవెన్ వచ్చింది. 56 మిల్లీమీటర్ల సిలిండర్లతో స్థిరపడ్డ ఆ బుల్లి కారు పన్ను ఎనిమిది పౌండ్లు. కంపెనీని నిలబెట్టింది అదే. మోరిస్ కౌలీ 11.9 హార్స్‌పవర్ దగ్గర ఆగి, ఏటా 12 పౌండ్ల పన్నుతో మధ్యతరగతిని పట్టుకుంది. దాని సిలిండరు అడ్డకొలత 69.5 మిల్లీమీటర్లైతే స్ట్రోక్ 102 మిల్లీమీటర్లు. 1924 కల్లా బ్రిటన్ మార్కెట్‌లో మోరిస్ ఫోర్డును దాటేసింది. ఫోర్డు కార్లను 1911 నుంచే మాంచెస్టర్‌లో బిగిస్తున్నారు కాబట్టి పరాయి కారన్న ముద్ర ఒక్కటే దాన్ని దెబ్బతీసిందనలేం. ఆఖరికి ఫోర్డు కూడా దారికొచ్చింది. 1932లో ఇంగ్లండు కోసం ప్రత్యేకంగా గీయించిన మోడల్ వై ఇంజన్ 933 సీసీ. సిలిండర్ అడ్డకొలత ఎంత పెట్టారో చూస్తే సూత్రాన్ని ఎదురుగా పెట్టుకునే గీశారని అర్థమవుతుంది. ఎనిమిది హార్స్‌పవర్ గీత దాటకుండా 7.95 దగ్గర ఆపారు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినాలి. రెండూ బలమైనవే. మొదటిది: బెంట్లీ కొన్న కోటీశ్వరుడు 16 పౌండ్ల కోసం వెతుక్కునేవాడా? కాదు. బెంట్లీ సిలిండరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 149 మిల్లీమీటర్లు ఉండటానికి పన్ను ఒక్కటే కారణమంటే అది అబద్ధమే అవుతుంది. యూరప్ పందేల్లో పొడవాటి స్ట్రోక్ ఇంజన్లు ఆ పన్నుకు ఎంతో ముందే పుట్టాయి. 1900ల చివర్లో చిన్న కార్ల పందేలకు సిలిండర్ అడ్డకొలత మీదే హద్దు పెడితే, ఫ్రెంచివాళ్ళు స్ట్రోకును ఆకాశానికి పెంచారు. అయితే ఆ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తుంది. అక్కడా నియమం అడ్డకొలతను కొలిచింది, తయారీదారు కొలవని వైపుకు పెరిగాడు. రెండో అభ్యంతరం మరింత గట్టిది: అప్పటి లోహాలతో, అప్పటి పెట్రోలుతో ఇంజన్ను వేగంగా తిప్పడం కష్టం, కాబట్టి పొడవాటి స్ట్రోక్ సహజమైన ఎంపిక, పన్ను లేకపోయినా అలాగే ఉండేది. 1921కి ఈ మాట చెల్లుతుంది. 1946కి చెల్లదు. అందుకు సాక్ష్యం పన్ను పోయాక జరిగిన కథ. 1935లో హార్స్‌పవర్‌కు 15 షిల్లింగులకు తగ్గి, యుద్ధంలో 25 షిల్లింగులకు పెరిగిన ఆ పన్నును 1947లో పక్కన పెట్టి, 1948 నుంచి ఏ కారుకైనా ఏటా పది పౌండ్లన్నారు. పదేళ్ళు తిరిగేసరికి ఇంజన్ల ఆకారమే తలకిందులైంది. 1959లో వచ్చిన ఫోర్డ్ ఆంగ్లియా ఇంజన్‌లో సిలిండరు 81 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 48.4 మాత్రమే. వేగంగా తిరిగే ఆ పొట్టి ఇంజన్నే తీసుకుని కాస్‌వర్త్ ఇంజన్ల కంపెనీ వాళ్ళు ఫార్ములా జూనియర్ పందేలు గెలిచారు. దానికి పాత సూత్రం వేసి చూస్తే ఆశ్చర్యపోతాం: 16.2. అంటే 997 సీసీల, 39 హార్స్‌పవర్ల ఆ సంసారపక్షం కారు పాత చట్టం కింద 17 పౌండ్లు కట్టాలి, దాదాపు మూడు లీటర్ల బెంట్లీ కంటే ఎక్కువ. ఆ పన్ను ఉండగా ఏ బుద్ధిమంతుడైన తయారీదారూ ఆంగ్లియా ఇంజన్ను గీసేవాడు కాదు. పొడవాటి స్ట్రోకును పుట్టించింది పన్ను కాకపోవచ్చు. దాన్ని అవసరం తీరాక కూడా రెండు దశాబ్దాలు బతికించింది మాత్రం అదే.

ఆ బతికింపు ఫలితం బ్రిటన్ పొలిమేరల దగ్గర ఆగలేదు. సన్నటి సిలిండర్ల బ్రిటిష్ కార్లు ఇంగ్లండు తారు రోడ్లకు సరిపోయాయి గానీ, ఎండలో దుమ్ములో పొడవాటి ఎత్తులెక్కాల్సిన వలసదేశాల్లో అమెరికన్ కార్లతో తూగలేకపోయాయి. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయి శివ్‌డీలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. బ్రిటిష్ పాలనలోని దేశంలో అమెరికన్ కార్ల హవా నడిచిందంటే లండన్‌లో వేసిన పన్ను సూత్రానికి అందులో కొంత వాటా ఉంది. మన కళ్ళముందు తిరిగిన సాక్ష్యం ఇంకొకటి ఉంది: అంబాసిడర్. 1947 నాటి ఆస్టిన్ ఏ40 ఇంజన్ ఆ పన్ను చివరి రోజుల్లో రూపుదిద్దుకుంది. దాని స్ట్రోక్ 89 మిల్లీమీటర్లు. దాన్నుంచి ఎదిగిన బి-సిరీస్ ఇంజన్లలో సిలిండర్ అడ్డకొలతను 73 మిల్లీమీటర్లకు పెంచుకున్నారు గానీ, ఆ స్ట్రోకును అలాగే ఉంచారు. ఆ 1,489 సీసీ ఇంజనే దశాబ్దాలపాటు అంబాసిడర్లను నడిపింది. సచివాలయం మెట్ల ముందు ఆగిన మంత్రుల కార్లూ, విజయవాడ స్టేషను బయట బేరాలాడిన టాక్సీలూ అడుగునుంచి లాగే ఆ మొండి లాగుడు, పైకి వెళ్ళేకొద్దీ ఆయాసపడే ఆ గొంతు, 1921లో బ్రిటిష్ ఖజానా ఎంచుకున్న ఒక గుణకారపు లెక్కకు దూరపు వారసత్వం.

పన్ను వదిలేసిన చోట ఇన్సూరెన్సు కూర్చుంది. బ్రిటన్‌లో 1930 రోడ్ ట్రాఫిక్ చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. కానీ ఇన్సూరెన్సు ఒక కార్ల జాతినే ఎలా తుడిచిపెట్టగలదో చూడాలంటే అమెరికా వెళ్ళాలి. 1964లో జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ విభాగం జీటీఓ తెచ్చింది. మధ్యరకం కార్లలో 5.4 లీటర్లకు మించిన ఇంజన్ పెట్టకూడదని కంపెనీ సొంత నియమం. పాంటియాక్ వాళ్ళు 6.4 లీటర్ల ఇంజన్ను విడి కారుగా కాక, ఉన్న కారుకు అదనపు ప్యాకేజీగా 300 డాలర్ల లోపు ధరకు అమ్మి ఆ నియమాన్ని దాటేశారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. 1966 కల్లా ఏటా 96,946. కుర్రాళ్ళకు అందే ధరకు పందెం కారు దొరకడమంటే అంతకుముందు ఊహకందని సంగతి. మజిల్ కారు అన్న పేరు ఈ రకానికి స్థిరపడింది. కొన్నవాళ్ళలో చాలామంది పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు, వాయిదాల మీద కొన్నవాళ్ళు. అప్పిచ్చినవాడు బీమా లేకుండా అప్పివ్వడు. 1960ల చివరికి బీమా కంపెనీల పుస్తకాల్లో ఈ కార్ల ప్రమాదాల లెక్కలు పోగుపడ్డాయి. కారు బరువును హార్స్‌పవర్‌తో భాగించి, ఒక గీత దాటిన కార్లకు అదనపు ప్రీమియం వేయడం, కొందరికి అసలు పాలసీయే ఇవ్వకపోవడం మొదలైంది. పెళ్ళికాని కుర్రాడికి బీమా ఖర్చు కారు వాయిదాతో పోటీపడే స్థితి వచ్చింది. తయారీదారులు ఈసారీ కొలత సందులోంచే దూరారు. బీమావాడు కాగితం మీది హార్స్‌పవర్ చూస్తాడు కాబట్టి కాగితం మీద తగ్గించారు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్ ఇంజన్‌కు 335 హార్స్‌పవర్ అని రాశారు, దాని అసలు శక్తి 400 పైనేనని ఎరిగినవాళ్ళ అంచనా. ఇంకోవైపు, 1970లో ఓల్డ్స్‌మొబిల్ ర్యాలీ 350 వంటివి వచ్చాయి. పందెం కారు వేషం, కంటికి కొట్టే పసుపు రంగు, లోపల మాత్రం ప్రీమియం గీత దాటని చిన్న ఇంజన్. అమ్మేవాళ్ళే బీమా బిల్లుకు భయపడి కార్లు గీశారనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మజిల్ కార్లను చంపింది 1973 అక్టోబరు చమురు సంక్షోభమని చాలామంది రాస్తారు. తేదీలు దానికి ఒప్పుకోవు. జీటీఓ అమ్మకాలు 1968లో 87,684, 1969లో 72,287, 1970లో 40,149, 1971లో 10,532, 1972లో 5,807. చమురు ఆగేనాటికి పాడె సిద్ధమైపోయింది. మరి 1970 నాటి స్వచ్ఛమైన గాలి చట్టం? అలాంటి నియమాలు రాబోతున్నాయన్న అంచనాతోనే 1971 మోడళ్ళలో జనరల్ మోటార్స్ ఇంజన్ల కంప్రెషన్ తగ్గించింది, సీసం లేని పెట్రోలుకు సిద్ధం చేయడానికి. ఆ ఏడాది పతనంలో దానికి వాటా ఉందని ఒప్పుకోవాల్సిందే. 1970 శరత్కాలంలో ఆ కంపెనీలో 67 రోజుల సమ్మె జరిగిందన్నదీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ ఆ సమ్మె లేని క్రైస్లర్‌లోనూ డాడ్జ్ ఛాలెంజర్ అమ్మకాలు 1970 నుంచి 1971కి దాదాపు మూడో వంతుకు పడిపోయాయి. అన్నిటికంటే ముఖ్యమైన ఏడాది 1970. ఆ ఏడు కంప్రెషన్ తగ్గలేదు. అమెరికన్ కంపెనీలు అంతకుముందెన్నడూ ఇవ్వనంత శక్తిమంతమైన ఇంజన్లు ఇచ్చింది ఆ ఏడే, షెవెల్ 454కి 450 హార్స్‌పవర్ రాసుకున్న ఏడు అదే. సరుకు అత్యుత్తమంగా ఉన్న ఆ ఏడాదే జీటీఓ దాదాపు సగానికి పడింది. ప్లిమత్ రోడ్ రన్నర్ 80 వేల పైనుంచి 41 వేల దగ్గరికి జారింది. ఆ ఏడు దేశంలో మాంద్యముంది, మొత్తం కార్ల అమ్మకాలూ తగ్గాయి, కానీ సగానికి కాదు. వియత్నాం యుద్ధం కుర్రాళ్ళను తీసుకుపోయిందన్న మాటా ఉంది. అయితే ఆ యుద్ధానికి పిలుపులు తారస్థాయికి చేరింది 1966లో, జీటీఓ అమ్మకాలు తారస్థాయిలో ఉన్నదీ అప్పుడే. కారణాలన్నిటినీ తూకం వేస్తే, ఆ 1970లో కొత్తగా పడ్డ బరువు ఏటేటా కట్టాల్సిన ప్రీమియమే అని నా నిర్ణయం. కారు ధర పెరిగినందుకు కుర్రాళ్ళు వెనక్కి తగ్గలేదు, దాన్ని మేపే ఖర్చు పెరిగినందుకు తగ్గారు.

బీమావాళ్ళు అన్యాయం చేశారా అంటే, లేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే వేగాన్ని ప్రేమించేవాళ్ళు రాసిన చరిత్రల్లో బీమా కంపెనీ ఎప్పుడూ దుష్టపాత్రే. గుద్దుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. బలమైన ఇంజన్, బక్క బ్రేకులు, కుర్రతనం మూడూ ఒకచోట చేరిన కార్లవి. ఆ కార్ల కింద పడ్డవాళ్ళూ, వాటిలో చనిపోయినవాళ్ళూ ఉత్త అంకెలు కారు. ఎవరి ప్రమాదానికి వాళ్ళే మూల్యం కట్టాలన్నది న్యాయమైన సూత్రం. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, పెట్రోలు ఆ న్యాయాన్ని ఎవరి జోక్యం లేకుండా అమలు చేస్తాయి. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 140కి వెళ్తే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది, దాన్ని చీల్చుకుపోవడానికి కావల్సిన శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. తొక్కినవాడికి పెట్రోలు బంకులోనే బిల్లు వస్తుంది, తొక్కనివాడికి రాదు. నా పేచీ బిల్లు ఉన్నందుకు కాదు, బిల్లు కొలిచే వస్తువు గురించి. తప్పుడు కొలత పెడితే ప్రమాదం తగ్గదు, ప్రమాదం కాగితం మీద కనబడకుండా దాక్కుంటుంది. పైగా నెమ్మదిగా పోయేవాడు వేగంగా పోయేవాడి దాణా కూడా భరిస్తాడు, ఆనాటి మోడల్ టి యజమానిలా.

ఈ సంగతి పాత చరిత్రగానే మిగిలిపోలేదు. మన దేశంలో సొంత కార్ల థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ఇంజన్ సీసీనిబట్టి నిర్ణయిస్తారు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ మించని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 దాకా 3,416, ఆపైన 7,897. ఒక లీటరు ఇంజన్‌కు టర్బో లేని రోజుల్లో ఈ మెట్లు సబబే. చిన్న ఇంజన్ అంటే చిన్న శక్తే. టర్బో వచ్చి గాలిని బలవంతంగా కుక్కడం మొదలుపెట్టాక ఆ సంబంధం తెగిపోయింది. ఫోక్స్‌వాగన్ టైగూన్‌లో పెట్టిన 999 సీసీ టర్బో ఇంజన్ శక్తి 115 పీఎస్. సుజుకీ స్విఫ్ట్‌లోని 1,197 సీసీ మామూలు ఇంజన్‌ది, ఆ రేట్లు వచ్చినప్పుడు, 90 పీఎస్. ప్రీమియం ఎక్కువ కట్టేది స్విఫ్ట్. హైదరాబాదు ఔటర్ మీద ఏది ముందు దూసుకుపోతుందో మన కుర్రాళ్ళను అడగనక్కర్లేదు. స్ట్రోకు లెక్కలోకి రాని చోట స్ట్రోకు పెరిగినట్టే, గాలి ఒత్తిడి లెక్కలోకి రాని చోట గాలి ఒత్తిడి పెరిగింది. అంకె 999 దగ్గర ఆగడం, మోడల్ వై ఇంజన్ 7.95 దగ్గర ఆగడం ఒకే చేతివాటం కాకపోవచ్చు, ప్రపంచ మార్కెట్ల కోసం చేసిన ఇంజన్ అది. కానీ మన బిల్లు దృష్టిలో రెండిటికీ దక్కిన ఫలం ఒక్కటే. విశేషమేమిటంటే అదే 2022 ప్రకటనలో కరెంటు కార్లకు సీసీ కుదరదు కాబట్టి కిలోవాట్లు కొలిచారు: 30 కిలోవాట్ల లోపు 1,780 రూపాయలు, 65 దాకా 2,904, ఆపైన 6,712. మోటారు శక్తినే నేరుగా కొలిచారు, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ సూత్రం కొలవాలనుకుని కొలవలేకపోయింది దాన్నే. ఆ 115 పీఎస్‌ల పెట్రోలు ఇంజన్ శక్తి సుమారు 85 కిలోవాట్లు. అంతే శక్తి ఉన్న మోటారు పెట్టుకున్న కరెంటు కారు ఏటా 6,712 కడుతుంది, పెట్రోలు కారు 2,094 కడుతుంది, రెండూ ఒకే సిగ్నల్ దగ్గర ఒకే పచ్చ దీపం కోసం ఆగి ఉంటాయి.